బుధవారం గంట

మా ఊరి ప్రార్థనా మందిరం గంట రెండు రకాలుగా మోగుతుంది. గబగబా మోగితే ఆరాధన. ఒక్కో దెబ్బా ఆగి ఆగి పడితే ఎవరో పోయారని. ఆరాధన గంటకి మా వాళ్ళు తీరిగ్గా తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, మొదటి పాట అయిపోయాక వస్తారు. రెండో గంటకి మాత్రం కూర పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తుకొస్తారు. దెప్పడానికి చెప్పడం లేదు, నేనూ అంతే. మాది ముమ్మిడివరం దాటాక మురమళ్ళ వెళ్ళే రోడ్డు మీద, బస్సు ఆగీ ఆగనట్టు ఆగే చిన్న ఊరు. మందిరం ఆ బస్సు స్టేజీ పక్కనే.

నేను చెప్పబోయేది మా అన్నయ్య కూతురు ఝాన్సీ గురించి. నేను దాని మేనత్తని, నా పేరు సుందరమ్మ. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఇంటికీ అన్నయ్య ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. నా మిషను చప్పుడు వింటూ పెరిగిన పిల్ల అది.

చిన్నప్పుడు దానికి అన్నిటికీ భయమే. తొండంటే భయం. కాలవ మీద అడ్డంగా వేసిన కొబ్బరి మొద్దంటే భయం. దింపు తీసేవాడు కొబ్బరిచెట్టు ఎక్కితే, వాడు కిందికి దిగేదాకా చెట్టు కింద నిలబడి ఏడ్చేది. వాడేమో పైనుంచి "నేను పడనమ్మా, నువ్వు పక్కకి జరుగు, కాయ పడుద్ది" అని మొత్తుకునేవాడు. పరీక్షలంటే మాత్రం దానికి భయం ఉండేది కాదు. పదో తరగతిలో మండలంలో ముందు వరసలో నిలిచింది. మందిరం గోడకి దాని ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. పక్కనే అంతకన్నా పెద్దదిగా సంఘ పెద్ద దానంగారు తన ఫోటో కూడా వేయించుకున్నారనుకోండి, అది వేరే సంగతి. ఆ ఆదివారమే మా వదిన రత్నం మైకు పట్టుకుని, తన కూతురు డాక్టరవుతుందని సాక్ష్యం చెప్పింది.

సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలుని పదిమందిలో నిలబడి చెప్పడం. మేలు జరిగాక చెప్పడం మా అమ్మ కాలం నాటి పద్ధతి. జరక్కముందే జరిగిపోయినట్టు చెప్పడం ఇప్పటి పద్ధతి. అలా చెబితే విశ్వాసం గట్టిదని లెక్క. మా వదిన స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఆవిడ దేంట్లోనూ ఒకరికి తీసిపోదు.

ఇంటరయ్యాక రాసిన ఎంట్రన్సులో సీటు రాలేదు. ఎవరూ తిట్టలేదు. అసలు ఈ కథలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. మా అన్నయ్య సాల్మన్ మండలాఫీసులో గుమాస్తా, కూతుర్ని పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఆ సాయంత్రమే సంఘంలో సగంమంది ఇంటికొచ్చి, ఝాన్సీని మధ్యలో కూర్చోబెట్టి, తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. అమలాపురంలో హాస్టలున్న కోచింగులో చేర్పించారు. రెండోసారీ రాలేదు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ చేతులు పెట్టారు, మళ్ళీ చేర్పించారు. అన్ని చేతుల కింద దాని మెడ అంతకంతకూ వంగిపోవడం నేను చూశాను. నేను ప్రార్థనలో కళ్ళు మూసుకోను. చిన్నప్పట్నుంచీ అంతే, మూసుకుంటే వెనకనుంచి ఎవరో వస్తున్నట్టుంటుంది. మా అమ్మ తొడపాశాలు పెట్టి పెట్టి విసిగిపోయింది.

మూడో ఏడాది స్త్రీల సమాజం వాళ్ళు ప్రతి శుక్రవారం ఝాన్సీ సీటు కోసం ఉపవాసం మొదలుపెట్టారు. మా అమ్మ, అంటే ఝాన్సీకి మామ్మ, షుగరు మనిషి. "మనవరాలి కోసం ఒక్క పూట మానలేనేటే" అని ఆవిడా మానేసేది. ఒక శుక్రవారం పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. పంచదార నీళ్ళు పట్టి లేపాం. ఆదివారం హాస్టలుకి ఫోన్ చేసినప్పుడు వదిన ఆ సంగతి కూడా చెప్పింది. దిగులుగా కాదు, గొప్పగా చెప్పింది.

"చూసేవా, మామ్మ నీ కోసం ప్రాణం కూడా లెక్కచెయ్యట్లేదు. నువ్వు చదువుకో, చాలు."

ఆ ఆదివారం ఫోన్లు స్పీకర్లో పెట్టేవారు. చుట్టూ ఆడవాళ్ళు కూర్చునేవారు. "వందనాలమ్మా, రోజూ నీ పేరెత్తి ప్రార్థన చేస్తున్నాం" అని ఒక్కొక్కరూ చెప్పేవారు. బాగా చదువుతున్నావా అంటే అటునుంచి "ఆయ్" అని వినబడేది. తింటున్నావా అంటే "ఆయ్". నిద్రపోతున్నావా అంటే "ఆయ్". మా గోదావరోళ్ళ "ఆయ్" ఉంది చూశారూ, దాని వెనకాల ఇల్లంత సంగతి దాచేయొచ్చు.

దాని వెనకాల ఏముందో తర్వాతెప్పుడో ఝాన్సీయే చెప్పింది. ముందు నిద్ర పోయిందట. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత పుస్తకంలో అక్షరాలు కనబడుతూనే ఉన్నా అర్థం తలలోకి ఎక్కడం మానేసింది. తెల్లారుజామునుంచీ అదే పేజీ ముందు కూర్చునేది. వారం వారం పెట్టే పరీక్షకి ముందు వాంతి చేసుకునేది. ఒకప్పుడు పరీక్షంటే భయం లేని పిల్లకి బెల్లు మోగితే చేతులు చల్లబడిపోయేవి. అన్నిటికన్నా ఆదివారం సాయంత్రం ఫోనంటే ఎక్కువ భయపడేది. ఇక్కడ తనకేమీ ఎక్కడం లేదు, అక్కడ మామ్మ పస్తులుంటోంది. మామ్మకి ఏమైనా అయితే అది తన వల్లేనని దానికి గట్టిగా పట్టుకుంది.

దాని గదిలో సత్యప్రియ అని ఇంకో పిల్ల ఉండేది. మురమళ్ళ పిల్ల, వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. ఝాన్సీ తింటోందో లేదో చూసిందీ, అర్ధరాత్రి లేచి కూర్చుంటే పక్కన కూర్చుందీ ఆ పిల్లే. హాస్టలు ఇన్‌ఛార్జి ఆంజనేయప్రసాద్‌తో చెబితే, "పరీక్షల ముందు అందరూ ఇంతేనమ్మా, నువ్వు నీ చదువు చూసుకో" అన్నాడట.

ఇక ఆ బుధవారం. మధ్యాహ్నం మా అమ్మకి అన్నం పెట్టి, మిషను దగ్గర కూర్చున్నాను. గోడ అవతలనుంచి వదిన గొంతు, "ఏంటండీ? ఎప్పట్నుంచండీ?" అని. ఆ గొంతు విని సూది వేలికి దిగినా నాకు తెలియలేదు. హాస్టలువాళ్ళు మా అన్నయ్య ఆఫీసుకి ఫోన్ చేశారు. ఝాన్సీ పొద్దున్న టిఫిన్‌కి వెళ్తానని గేటు దాటింది, క్లాసుకి రాలేదు, గదిలో లేదు. ఫోను మంచం మీదే ఉంది. అన్నయ్య అప్పటికే బండి మీద అమలాపురం బయల్దేరాడని చెబుతూ వదిన మా ఇంట్లోకి వచ్చింది.

"స్నేహితురాలింటికి వెళ్ళుంటుందిలే వదినా" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది.

వదిన నా వైపు చూడకుండా, "ఫోన్ వదిలేసి వెళ్తుందా?" అంది.

కాసేపటికి అన్నయ్య నాకు ఫోన్ చేశాడు, వదినకి కాదు. అప్పుడే అర్థమైంది ఏదో ఉందని.

"ఒసే సుందరమ్మా, మీ వదిన పక్కనుందా?"

నేను పెరట్లోకి నడిచాను. "లేదు, చెప్పన్నయ్యా."

"సత్యప్రియ అని దీని గదిలో పిల్లతో మాట్లాడేను. నిన్న రాత్రి ఝాన్సీ ఆ పిల్లని యానాం బస్సు ఎక్కడ ఆగుద్దని అడిగిందంట." యానాంలో మాకెవరూ లేరు. యానాం వెళ్ళాలంటే ఎదుర్లంక దగ్గర గోదావరి మీద వారధి దాటాలి. ఈ మధ్య పేపర్లో ఆ వారధి పేరు ఎందుకు వస్తుందో కోనసీమలో అందరికీ తెలుసు.

"నేను అటే పోతన్నాను" అని పెట్టేశాడు. పెరట్లో ఎండ కాస్తోంది, కాళ్ళ కింద నేల కాలుతోంది. నేను దడి పట్టుకుని నిలబడ్డాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన ఉంది. నా మొహం చూసింది. కాళ్ళకి చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తింది.

నేను వెనకాలే వెళ్ళబోతే అమ్మ మంచం మీదనుంచి, "ఏమైందే? ఝాన్సీకేనా?" అని అరిచింది. చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే గంట మోగింది. ఒక్క దెబ్బ. తర్వాత ఏమీ లేదు. నేను ఎదురు చూశాను, గబగబా రెండోది పడితే బాగుండునని. పడలేదు. చాలాసేపటికి ఇంకో దెబ్బ పడింది.

కబురొచ్చేసింది అనుకున్నాను. నాకు తెలియకుండా ఎవరికో కబురొచ్చేసింది, అన్నయ్యకి దొరికేసింది, అందుకే గంట కొడుతున్నారు అనుకున్నాను. ఆ క్షణం గురించి ఇంతకన్నా చెప్పలేను. అమ్మ అప్పటికే మంచం దిగింది. "నన్ను తీసుకెళ్ళు, తీసుకెళ్ళవే" అంటుంటే ఒక చేత్తో ఆవిణ్ణి, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీని పట్టుకుని వెళ్ళాను. దారిలో అందరూ పరిగెత్తుతున్నారు. "ఎవరండీ? ఎవరు?" అని నన్నే అడుగుతున్నారు.

మందిరం దగ్గర దానంగారు గంట తాడు పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్ళి ఆయన చొక్కా పట్టుకున్నాను. సంఘ పెద్ద చొక్కా పట్టుకున్న ఆడదాన్ని మా ఊళ్ళో నేనొక్కదాన్నే.

"ఏం కబురొచ్చిందండీ? ఎవరు చెప్పేరు?"

"కబురేం రాలేదమ్మా" అన్నారాయన బిత్తరపోయి. "రత్నమ్మగారొచ్చి పిల్ల కనబట్లేదని పడిపోయేరు. అందర్నీ పోగేసి ప్రార్థన పెడదామని."

"మరి చావు గంట కొడతారేంటండీ!"

"ఆరాధన గంట కొడితే ఈ ఎండలో ఎవరొస్తారమ్మా? మనుషులు కావాలి కదా."

ఆయన చెప్పింది నిజమే. నిజం కాబట్టే నాకు ఇంకా మండింది. కానీ పోట్లాడే టైము కాదు. అబ్బాయిలు కొందరు బండ్లు తీసి ఎదుర్లంక వైపు వెళ్ళారు. మిగిలినవాళ్ళు మందిరంలోకి వచ్చారు. అమ్మని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. వదిన ముందు వరసలో నేల మీద బోర్లా పడుంది. దానంగారు మైకు పట్టుకుని మొదలుపెట్టగానే అందరూ తలల మీద కొంగులు కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఎవరి మాటల్లో వాళ్ళు గట్టిగా ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టారు. ఆ హోరులో ఒక్క పేరే వినబడుతోంది. ఝాన్సీ, ఝాన్సీ, ఝాన్సీ.

నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను. అందుకే నాకు కనబడింది.

గుమ్మంలో నిలబడి ఉంది. హాస్టలు చుడీదారు, భుజానికి సంచి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. మనిషి సగమైపోయింది. నాకు ముందు సంతోషం కలగలేదు. నిజం చెబుతున్నాను, భయం వేసింది. ఇంతమంది పిలుస్తుంటే వచ్చి నిలబడింది మా ఝాన్సీయేనా, ఇంకేమైనానా అనిపించింది. అప్పుడది పక్కకి తిరిగి కుర్చీలో ఉన్న మామ్మని చూసింది. చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మ కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, బతికే ఉంది. ఝాన్సీ ఇక వరసగా మనుషుల్ని వెతుకుతోంది, ఎవరు లేరా అని. అమ్మ ఉంది. అత్త ఉంది. నా కళ్ళు దాని కళ్ళతో కలిశాయి.

నోరు మాత్రం కదిపి అడిగింది. "ఎవరు?"

నేను చెయ్యెత్తి, వేలు దాని వైపే చూపించాను.

అది వెనక్కి తిరిగి చూసుకుంది, వెనకాల ఎవరున్నారా అని. ఎవరూ లేరు. అదే సమయానికి మైకులో దానంగారి గొంతు దాని పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా ఎత్తింది. అప్పుడు అర్థమైంది దానికి. మామ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. ఆవిడ కళ్ళు తెరిచి కిందికి చూసి, కేక పెట్టింది. ఆ కేకకి మందిరం మొత్తం కళ్ళు తెరిచింది.

జరిగిందేమిటంటే, అది పొద్దున్నుంచీ అమలాపురం బస్టాండులో కూర్చుంది. యానాం బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చివరికి ఒకటి ఎక్కింది. ఆ బస్సు మా ఊరి మీదుగానే పోవాలి కదా. మా స్టేజీ దగ్గర ఎవరినో దింపుతుంటే గంట వినబడింది. పక్క సీటులో ఆవిడ, "అయ్యో, ఎవరో పోయేరండీ పాపం" అంది. మామ్మే అనుకుంది ఝాన్సీ. శుక్రవారాలు పస్తులుండి తన వల్లే పోయిందనుకుంది. కదిలిపోతున్న బస్సులోంచి దూకినంత పని చేసి దిగింది.

ఆడవాళ్ళంతా దాని చుట్టూ మూగారు. వదిన కూతుర్ని పట్టుకుని ఏడుస్తోంది. దానంగారి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఆయన మనసు మంచిదే. మైకు తీసుకొచ్చి వదిన చేతిలో పెట్టారు.

"తప్పిపోయిన బిడ్డ దొరికిందమ్మా. సాక్ష్యం చెప్పండి."

వదిన మైకు అందుకుంది. అలవాటైన చెయ్యి, దానంతటదే నోటి దగ్గరికి వెళ్ళింది. ఆ మైకు చూడగానే ఝాన్సీ మామ్మ కుర్చీ వెనక్కి జరిగింది. చిన్నప్పుడు తొండని చూస్తే అచ్చం అలాగే జరిగేది. ఈసారి అది వదిన కూడా చూసింది. మైకు అలాగే పట్టుకుని కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది.

"నన్ను చూసి భయపడుతున్నావటే?" అని అడిగింది. మైకులో ఊరంతా వినబడింది.

"ఆయ్" అంది ఝాన్సీ.

ఆ "ఆయ్" వెనకాల ఏమీ దాచలేదు. "ఈవేళ సాక్ష్యం లేదండి" అంది వదిన అందరితో. "పిల్ల ఎప్పుడు తిన్నాదో ఏంటో. ఎవరిళ్ళకి వాళ్ళు ఎల్లిపోండి." మైకు ఆపి దానంగారికి ఇచ్చేసింది. మా వదిన మైకు తనంతట తను ఇచ్చెయ్యడం అదే మొదలు.

నేను బయటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాను. "దొరికింది, ఇంటికొచ్చేసింది" అన్నాను. అటునుంచి గాలి హోరు, లారీలు పోతున్న చప్పుడు. వారధి మీదే ఉన్నాడు. "అన్నయ్యా, వెనక్కొచ్చెయ్" అన్నాను. ఆ గాలిలోనే ఆయన ఏడుపు వినబడింది.

దొరికిందని భయం పోలేదు. అసలు భయం ఆ తర్వాతే. అది తలుపేసుకుంటే భయం, కాసేపు చప్పుడు లేకపోతే భయం. వదిన స్నానాలగది బయట పీట వేసుకుని కూర్చునేది. "అమ్మా, నేను స్నానం చేస్తున్నానే, ఇంకేం చెయ్యట్లేదు" అని అది లోపల్నుంచి అరిచేది. రాత్రి నేను పక్కన పడుకుని దాని ఊపిరి వింటూ ఉండేదాన్ని. అమలాపురంలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఇది బద్ధకం కాదు, విశ్వాసం తక్కువై కాదు, జబ్బు, తగ్గుతుంది అని ఆవిడ వదిన మొహం మీదే చెప్పింది. మాత్రలు రాసింది. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడింది.

సంఘం వాళ్ళు ఊరికే ఉండలేరు కదా, రావడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలోనే ఆపేసేదాన్ని. చదువు మాటెత్తేవాళ్ళకి లోపలికి దారి లేదు, తల మీద చేతులు పెట్టేవాళ్ళకి అసలు లేదు. రొయ్యలు ఒలవడానికైతే రండి, కొబ్బరి కోరడానికైతే రండి అన్నాను. నన్ను తిట్టుకుంటూనే వచ్చారు. ఝాన్సీ చుట్టూ కూర్చుని రొయ్యలు ఒలుస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునేవారు. మొదట్లో అది గోడకి తిరిగి పడుకునేది. ఒకరోజు లేచి తనూ ఒక రొయ్య అందుకుంది. సత్యప్రియ ఆదివారాలు వచ్చి, ఏమీ అడక్కుండా దాని జడ వేసి వెళ్ళేది. శుక్రవారం ఉపవాసాలు మానేశారు. మామ్మ మాత్రం దొంగచాటుగా ఒకసారి మానితే ఝాన్సీయే కంచం పట్టుకుని ఎదురుగా కూర్చుని తినిపించింది.

ఇప్పుడది అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో కాదు, రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. మార్కులు నేను అడగను. ఒకే ఒక్కసారి మాత్రం, అది నా మిషను దగ్గర కూర్చుని కాజాలు కుడుతుంటే అడిగాను. "ఆవేళ ఎక్కడ దిగుదామనుకున్నావే?"

సూది ఆపింది. "తెలీదత్తా. ఎక్కడికని కండక్టరు అడిగితే నోట్లోంచి మాట రాలేదు. ఆయనే చివరిదాకా టిక్కెట్టు కొట్టి ఇచ్చేడు."

"గంట మోగకపోతే?"

మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

మా ఊళ్ళో ఆ గంట ఇప్పటికీ ఆగి ఆగి మోగుతుంది, మనుషులు పోతూనే ఉంటారు కదా. మొదటి దెబ్బ పడగానే అందరూ ఎవరు, ఎవరు అని వీధిలోకి వస్తారు. నేను మాత్రం ఫోను కోసం తడుముకుంటాను. ఝాన్సీ నంబరు ఒక్కోసారి వెంటనే దొరకదు. అటు క్లాసులో ఉన్నా ఎత్తుతుంది. నేను పలికేలోపే నా వెనకాల మోగుతున్న గంట దానికి ఫోన్లో వినబడుతుంది.

"ఉన్నానత్తా" అంటుంది.